పీపాలో తల్లి

పిల్లలిద్దర్నీ మా అమ్మ దగ్గర వదిలి, మూడు రోజులకని బయల్దేరాను. సంచిలో రెండు జతల బట్టలు, ఒక స్వెట్టరు, రబ్బరు బూట్లు, ఐదు లీటర్ల క్లోరిన్ క్యాను. ఆ క్యానే నా కొంప ముంచింది.

అత్తగారి బావి నీళ్ళలో పురుగులున్నాయని నా మొగుడు బౌదిలియో ఏటా సణుగుతాడు. అందుకని ప్లాంటులో అడిగి ఒక క్యాను తెచ్చుకున్నాను. డాల్కావే దగ్గర సాల్మన్ చేపల ప్లాంటులో పద్దెనిమిదేళ్ళుగా పని చేస్తున్నదాన్ని, క్లోరిన్‌కి నాకేం కొరత. లోపల అడుగు పెట్టాలంటే బూట్లు క్లోరిన్‌లో ముంచాలి. తర్వాత చేతులు, తర్వాత కత్తి. బల్ల మీద వేలికి జిగురు తగిలిందా, సూపర్‌వైజరు ఈల ఊదుతుంది, లైను మొత్తం ఆగిపోతుంది. పద్దెనిమిదేళ్ళు అలా బతికాక, జిగురు కనిపిస్తే కడిగేయాలన్నది బుర్రకి కాదు, చేతులకే తెలిసిపోతుంది.

మా అత్తగారు ఎల్సిరా ఉండేది చెల్వే అనే చిన్న దీవిలో. మేముండే చిలోయె అనే పెద్ద దీవి నుంచి లాంచీలో రెండు గంటలు. ముప్ఫై ఇళ్ళు, చెక్కతో కట్టిన చర్చి, ఒక్క కొట్టు. ఏప్రిల్ ఆఖరులో అక్కడ ఆపిల్ పళ్ళు దంచుతారు. ఇరుగుపొరుగు పదిమంది చేరి, చెక్క తొట్టిలో పళ్ళు పోసి పొడుగాటి కర్రలతో బాది, రసం పిండి పీపాలకెత్తుతారు. అది పులిస్తే చిచా. మా వైపు కల్లు అదే. ఏటా ఆ పనికి బౌదిలియో వెళ్ళేవాడు. ఆ ఏడు సముద్రంలో ఎర్ర పోటు వచ్చింది. నీళ్ళలో విషం పుట్టి ఆల్చిప్పల్లోకి చేరుతుంది, తిన్నవాడు బతకడు. ఆల్చిప్పలు ఏరుకుని బతికే బౌదిలియోలాంటి వాళ్ళందరూ పని పోయి, రోజూ మీటింగులు పెట్టుకుంటున్నారు. అంచేత ఈసారి నువ్వెళ్ళు అన్నాడు.

చిచా పీపాలు కొట్టంలో ఉంటాయి. వెనిగర్ పీపా మాత్రం వంటింట్లోనే, కట్టెల పొయ్యికి నాలుగడుగుల దూరంలో, ఎత్తుపీట మీద. అందులో ఉండేదాన్ని తల్లి అంటారు. చూడ్డానికి దాని మొహం, ఒక తెట్టు. అరంగుళం మందాన, గోధుమరంగులో, పట్టుకుంటే చేతిలోంచి జారిపోతుంది. పెరుగుకి తోడు ఎలాగో చిచా వెనిగర్ కావడానికి అది అలాగ. ఏడాదికోసారి దాన్ని బయటికి తీసి, పీపా కడిగి, మళ్ళీ వేసి, పోయినేటి చిచా పోస్తారు. అది వందేళ్ళ నాటిదని అత్తగారు అందరికీ చెప్పేది. ఆదివారం చర్చి నుంచి రాగానే చెంబుడు చిచా దానికి పోశాకే తను కాఫీ తాగేది. ఇంకొకరి చెయ్యి పడనిచ్చేది కాదు. చలి ముదిరితే పీపాకి దుప్పటి కప్పేది.

నా పెళ్ళికి ఆవిడ పొద్దున లాంచీలో వచ్చి, విందులో సూపు తాగి, సాయంత్రం లాంచీకి లేచిపోయింది. అప్పుడే వెళ్ళిపోతారేమిటని మావాళ్ళు అడిగితే, ఇంట్లో అది ఒక్కతే ఉంది అంది. పెళ్ళికూతురి బట్టల్లో కూచుని ఏడ్చాను. కాపురానికొచ్చిన నలభై మూడేళ్ళలో ఆవిడ ఒక్క రాత్రి కూడా ఆ ఇంటి బయట పడుకోలేదు.

ఆ ఇంటి కోడలికి అత్త ఆ తెట్టులోంచి ఒక ముక్క కోసి ఇవ్వడం ఆనవాయితీ. ఎల్సిరా అత్తయ్యకి పెళ్ళయిన మూడో రోజునే ఇచ్చారట. నాకు పద్నాలుగేళ్ళయినా ఇవ్వలేదు. మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ నీకెందుకది అంది. నాలుగోసారి అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. చేపలు కోసుకునేదానికి ఇంటి పనులేం తెలుస్తాయని ఆవిడ ఉద్దేశం కాబోలనుకుని, ఆ కచ్చ కడుపులోనే పెట్టుకున్నాను.

పళ్ళు దంచిన రోజు సాయంత్రం అత్తగారికి నడుం పట్టేసింది. బల్ల మీద పక్కకి ఒరిగి కూచుని, ఇంక గతిలేక పీపా కడిగే పని నాకు చెప్పింది.

"బూడిద, వేణ్ణీళ్ళు. మూడుసార్లు. ఇంకేం వద్దు," అంది.

పీపాని బావి దగ్గరికి దొర్లించుకుపోయాను. లోపల చెయ్యి పెడితే నల్లటి జిగురు. వేణ్ణీళ్ళతో ఒకసారి, బూడిదతో ఒకసారి రుద్దాను. జిగురు పోలేదు. నా చెయ్యి క్యాను మీదికి దానంతటదే వెళ్ళింది. సగం బకెట్టు నీళ్ళలో పోసి పీపా అంతా తోమాను. చెక్క తెల్లగా వచ్చింది. పక్కన గిన్నెలో ఆ తల్లి ఉంది. అదీ జిగురే కదా. ప్లాంటులో కత్తిని ముంచినట్టు దాన్ని అరనిమిషం క్లోరిన్ నీళ్ళలో ముంచి, కడిగి, పీపాలో వేసి, పోయినేటి చిచా పోశాను. ఎంత శుభ్రంగా ఉందో అని మురిసిపోయాను కూడా. ఆసుపత్రి వాసన వస్తోందేమిటని లోపల్నుంచి అత్తగారు అడిగితే, బావిలో మందు వేశానన్నాను. అది అబద్ధం కాదు, నిజంగానే వేశాను.

మర్నాడు మధ్యాహ్నం లాంచీ రావాలి. రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. చర్చి వెనక గుట్ట ఎక్కితే ఫోన్ అందుతుంది. ఎక్కి బౌదిలియోకి ఫోన్ చేశాను. వెనక అరుపులు, టైర్లు కాలుతున్న చప్పుడు. పరిహారం ఇమ్మని జాలర్లందరూ కలిసి రోడ్డుకి అడ్డం పడ్డారట. బయటినుంచి సరుకులు తెచ్చే పెద్ద పడవ ఆగిపోయింది, లారీలు ఆగిపోయాయి, లాంచీలవాళ్ళూ వీళ్ళతో కలిశారు.

"నన్నిక్కడ ఇరికించి నువ్వక్కడ టైర్లు కాలుస్తున్నావా?" అన్నాను.

"అమ్మ దగ్గరున్నావు, నీకేంటి? తిండికి లోటా?" అన్నాడు.

"ఎన్నాళ్ళు?"

"తేలేదాకా."

ఎప్పుడు తేలుతుందో వాడికీ తెలీదు. గుట్ట మీద నిలబడితే నాలుగువైపులా నీళ్ళే. ఎదురుగా పెద్ద దీవి కనిపిస్తూనే ఉంటుంది, వాన లేనప్పుడు ఇళ్ళు కూడా లెక్కపెట్టొచ్చు. పోటు తగ్గితే ఒడ్డున బండలకి ఆల్చిప్పలు గుత్తులు గుత్తులుగా ఉంటాయి, ఒక్కటి ముట్టుకోవడానికి లేదు. కొట్లో మొదట పిండి అయిపోయింది, తర్వాత గ్యాసు, తర్వాత ఉప్పు తప్ప అన్నీ. ఎల్సిరా అత్తయ్య వంటిల్లు పది అడుగుల గది. పొద్దున లేస్తే ఆవిడ మొహం, పడుకోబోయే ముందు ఆవిడ మొహం. పంజరంలో పెట్టినట్టుంది నాకు. మొగుడి మీద కోపమొచ్చింది, సముద్రం మీద కోపమొచ్చింది, బల్ల మీద ఒరిగి కూచుని నాకు పనులు పురమాయించే ఆవిడ మీద మరీ కోపమొచ్చింది.

కాని పనుల్లో పడ్డాను. కొట్టు ఖాళీ అయ్యేసరికి ఆవిడకి ఎక్కడెక్కడి సంగతులూ గుర్తొచ్చాయి. ఆపిల్ పళ్ళని చక్రాలుగా కోసి దారానికి గుచ్చి పొయ్యి మీద వేలాడదీయడం. క్యారెట్లని ఇసకలో నిలబెట్టి పూడ్చడం. తడి గుడ్డలో చుట్టిన వెన్నని బావి గట్టు నీడలో దాచడం. కూచున్న చోటినుంచి చెబుతుంది, నేను చేస్తాను, తప్పు చేస్తే నాలుక చప్పరిస్తుంది. మా అమ్మమ్మ ఇవన్నీ చేసేది. మా అమ్మ ఫ్రిజ్జు కొన్నాక మానేసింది. నాకు నేర్పేవాళ్ళే లేకపోయారు. మెచ్చుకోవడం చేతకాని మనిషైనా ఆవిడకి చెప్పడం చేతవును. మూడోరోజుకి నాకు అందులో సరదా పుట్టింది, ఆ సంగతి ఆవిడకి కనిపించనివ్వలేదు.

పందికి పెట్టే తవుడు కూడా అయిపోవచ్చింది. మామూలుగా జూన్‌లో కోస్తారు. ఈసారి వచ్చే శనివారమే కోసేద్దాం అంది అత్తగారు. మాంసం పొగకి, కొవ్వు డబ్బాకి. చెవులు, కాళ్ళు, నాలుక మాత్రం ఉల్లిపాయలతో వెనిగర్‌లో. అవే చలికాలమంతా ఆవిడకి ఆధారం. క్యాబేజీ కూడా వెనిగర్‌లోనే. పోయినేటి వెనిగర్ పళ్ళు దంచినవాళ్ళకి పంచేసింది, ఇప్పుడు పీపాలో పోసిన చిచాయే వెనిగర్ కావాలి.

ఆదివారం వచ్చింది. ఆవిడ నడుం ఇంకా వంగడం లేదు. కాసేపు పీపా వైపు, కాసేపు నా వైపు చూసి, చెంబు నా చేతికిచ్చింది.

"నువ్వు పొయ్యి. అంచు నుంచి, మెల్లగా," అంది.

పద్నాలుగేళ్ళలో మొదటిసారి. ఎత్తుపీట పక్కన నిలబడి మూత తీశాను. ముక్కుకి ఘాటు తగలాలి. ఏమీ తగల్లేదు. మా ప్లాంటులో పొద్దున్నే నేల కడిగాక వచ్చే వాసన వచ్చింది. లోపలికి చూశాను. పైన తేలాల్సింది అడుక్కి దిగిపోయి ఉంది. తెల్లగా, ఉడికిన గుడ్డపేలికలా, అంచులు విడిపోయి ఉంది.

ఏం చేశానో ఆ క్షణంలో అర్థమైంది. ప్లాంటులో మాకు నేర్పింది అదే కదా, కంటికి కనిపించనివి కూడా చావాలని.

"ఎలా ఉంది?" అని అడిగింది వెనక నుంచి.

"బాగానే ఉంది," అన్నాను.

చెంబుడు చిచా దాని మీద పోశాను. శవానికి నీళ్ళు తాగించినట్టు అనిపించింది. అప్పటిదాకా సముద్రం మధ్యన ఇరుక్కున్నదాన్ని, ఆ ఒక్క మాటతో ఆ వంటింట్లో కూడా ఇరుక్కున్నాను. పొమ్మంటే పోవడానికి లాంచీ లేదు. చెబుదామంటే బాగానే ఉందని అప్పుడే అనేశాను. ఆ మూత ఆవిడెప్పుడు తీస్తుందా అని పగలంతా ఆవిడ చేతుల్నే చూస్తూ కూచున్నాను.

అలాంటి తల్లి ఆ దీవిలో ఇంకొక్క ఇంట్లోనే ఉండాలి. మా మామగారి అప్పగారు క్లోదోమిరా. పెళ్ళయి వెళ్ళేటప్పుడు ఆవిడకీ వాళ్ళమ్మ ఒక ముక్క ఇచ్చిందని విన్నాను. కాని ఈ రెండిళ్ళకీ ఎనిమిదేళ్ళుగా మాటల్లేవు. మా దీవుల్లో పంది కోసినవాళ్ళు చుట్టుపక్కల ఇళ్ళకి పళ్ళెం పంపాలి. వాళ్ళు కోసినప్పుడు అంత పళ్ళెమూ తిరిగి రావాలి. ఎనిమిదేళ్ళ కిందట క్లోదోమిరా పంది కోసి ఎల్సిరా అత్తయ్యకి పళ్ళెం పంపలేదు. అంతే. అప్పట్నుంచి చర్చిలో కూడా చెరో వైపు కూచుంటారు.

సోమవారం పొద్దున కట్టెలు ఏరుకొస్తానని చెప్పి, గంట నడిచి దీవి అటు చివరికి వెళ్ళాను. క్లోదోమిరా పెద్దమ్మకి డెబ్బై ఏళ్ళు. గుమ్మంలో కూచుని ఊలు వడుకుతోంది. నన్ను చూసి లేవలేదు, కదురు కూడా ఆపలేదు. మీ అత్త పోయిందా ఏంటి, నువ్వొచ్చావు అంది. పోలేదన్నాను. జరిగిందంతా చెప్పాను. క్లోరిన్ దగ్గరికి వచ్చేసరికి ఆవిడ కదురు ఆగింది.

"ముంచావా? దాన్ని? చేత్తో పట్టుకుని?"

"ముంచాను పెద్దమ్మా. మీ దాంట్లోంచి ఒక్క ముక్కిస్తే చాలు. చచ్చేదాకా మీ పేరు చెప్పుకుంటాను."

ఆవిడ చాలాసేపు నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. తర్వాత లేచి నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి, మూలనున్న పీపా మూత తీసి చూపించింది. లోపల బంగాళాదుంపలున్నాయి.

ఎనిమిదేళ్ళ కిందట ఆవిడకి ఆపరేషన్ అయి, రెండు నెలలు పట్నంలో కొడుకు దగ్గర ఉండిపోయింది. తిరిగొచ్చేసరికి అది ఎండి అట్ట కట్టింది. ఆ ఏడే పంది కోసింది. ఆ ఇంటి ఆడపిల్ల పంపే పళ్ళెంలో వెనిగర్ కాళ్ళు లేకుండా ఎలా ఉంటుంది? కొట్టు వెనిగర్‌తో చేస్తే ఒక్క ముక్కకే ఎల్సిరా పట్టేస్తుంది. చెడగొట్టుకున్నానని చెప్పడానికి మొహం చెల్లలేదు. అందుకని పళ్ళెమే పంపలేదు.

"పిసినారినని అనుకుంటే అనుకుందిలే అనుకున్నాను. చేతకానిదాన్ని అనిపించుకోవడం కంటే నయం కదా," అంది.

నేను కూలబడ్డాను. ఉన్న ఒక్క దారీ మూసుకుపోయింది. ఇంక వెళ్ళి అత్తయ్య కాళ్ళ మీద పడటమే అన్నాను. పెద్దమ్మ కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూచుని, గొంతు తగ్గించి ఇంకో సంగతి చెప్పింది. అది వందేళ్ళ నాటిది కాదట. పందొమ్మిది వందల అరవైలో భూకంపం వచ్చి సముద్రం పైకొచ్చినప్పుడు, ఇల్లూ పీపా అన్నీ కొట్టుకుపోయాయి. అప్పుడు పెద్దమ్మకి పద్నాలుగేళ్ళు. వాళ్ళమ్మ ఒక వెడల్పాటి బేసిన్‌లో పాత చిచా పోసి, ఆపిల్ తొక్కలు వేసి, పైన పల్చటి గుడ్డ కట్టి, మూత పెట్టకుండా పొయ్యి పక్కన వదిలేసింది. చిన్న ఈగలు ముసిరాయి. పది పన్నెండు రోజులకి పైన పొర కట్టింది. అదే తల్లి. పాతదే దొరికిందని ఊళ్ళో చెప్పుకున్నారు.

"మీ అత్తకి తెలీదు. అమ్మ ఎవరికీ చెప్పొద్దంది. నువ్వూ చెప్పకు, నా పీపా సంగతీ చెప్పకు," అంది.

ఒక అబద్ధం తీర్చుకుందామని వెళ్ళి, ఇంకో రెండు మూటకట్టుకుని వచ్చాను.

అత్తగారు నిచ్చెన ఎక్కలేదని అటక మీద బేసిన్ పెట్టాను. పాత చిచా, తొక్కలు, ఉల్లిపొర లాంటి గుడ్డ. పొయ్యి గొట్టం అటక మీదుగానే పోతుంది కాబట్టి వెచ్చగానే ఉంటుంది. ఏదో వంక పెట్టుకుని రోజుకి నాలుగుసార్లు ఎక్కేదాన్ని. మంగళవారం ఏమీ లేదు. బుధవారం ఏమీ లేదు. గురువారం తొక్కల మీద బూజు పట్టింది, తీసేసి కొత్తవి వేశాను. కింద ఆవిడ కట్టెల పొయ్యి దగ్గర కూచుని పందికి ఏయే గిన్నెలు కావాలో చెబుతూ ఉంటుంది, పైన నేను బేసిన్ ముందు మోకాళ్ళ మీద కూచుని ఉంటాను. అటక మీద నిలబడితే నెత్తి దూలానికి తగులుతుంది. పెద్ద దీవిలో మొగుడు, పిల్లలు, నా ఇల్లు, నా మంచం ఉన్నాయన్న సంగతి ఎవరో చెప్పిన కథలా అనిపించింది.

శుక్రవారం మధ్యాహ్నం బావి నుంచి నీళ్ళు తెచ్చేసరికి బల్ల ఖాళీగా ఉంది. నిచ్చెన మీద అత్తగారి కాళ్ళు కనిపించాయి. ఎప్పుడు నడుం సర్దుకుందో, నాకు తెలీదు. బకెట్టు కింద పెట్టి నిలబడిపోయాను. గుడ్డ విప్పుతున్న చప్పుడు. తిడుతుందని, ఏడుస్తుందని, పొమ్మంటుందని ఎదురు చూశాను. పోవడానికి చోటే లేదే అని కూడా అనుకున్నాను.

"ఇంత ఎత్తున పెడితే ఈగలెలా వస్తాయి? కిందకి దించు," అంది.

ఇద్దరం దించాం. పొయ్యికి ఎంత దూరంలో ఉండాలో ఆవిడే జాన కొలిచి చూపించింది. గుడ్డ వదులు చేసింది. తొక్కలు సగం తీసేసింది. తర్వాత పీపా మూత తీసి, మోచెయ్యి దాకా లోపల పెట్టి, ఆ తెల్లటి పేలికని బయటికి తీసింది. అరచేతిలో పరుచుకుని చూసింది. నేను నేలచూపులు చూస్తూ క్లోరిన్ సంగతి చెప్పాను. ఆవిడ వింటూనే పెరట్లోకి వెళ్ళి దాన్ని పందికి వేసింది. పంది వాసన చూసి ముట్టలేదు.

"ఈ ఉపాయం నీకెవరు చెప్పారు?" అంది లోపలికొచ్చి.

చెప్పనని మాటిచ్చాను. కాని ఇంక నాలో అబద్ధానికి ఓపిక లేదు.

"క్లోదోమిరా పెద్దమ్మ."

"అంటే దానిది కూడా పోయిందన్నమాట. ఉంటే ఒక ముక్క కోసి నీ మొహాన కొట్టేది, ఉపాయం చెప్పదు. ఎన్నాళ్ళయింది?"

"ఎనిమిదేళ్ళు."

ఆవిడ బల్ల మీద కూచుంది. ఎనిమిదేళ్ళు, అని తనలో తను అనుకుంది. వేళ్ళ మీద ఏదో లెక్క కట్టి, పళ్ళెం సంగతి అర్థమైనట్టు తల ఊపింది. అరవై నాటి సంగతి మీకు ముందే తెలుసా అని అడిగాను. ముక్క ఇచ్చిన రోజునే ఆవిడ అత్త చెప్పిందట, నీకు చెప్పినట్టు కూతురికి కూడా తెలియనివ్వొద్దు అందట. ఒకే రహస్యాన్ని ఇద్దరు ముసలివాళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరు నలభై మూడేళ్ళు దాచుకున్నారు. నాకు నవ్వొచ్చింది, నవ్వలేదు. ఏడుపు కూడా వచ్చింది.

శనివారం పందిని కోశాం. ముగ్గురు పొరుగువాళ్ళు సాయం వచ్చారు. సాయంత్రానికి పళ్ళేలు సర్దింది. అన్నిటికంటే పెద్దది నా చేతికిచ్చి క్లోదోమిరాకి అంది. మాంసం, వేపుడు ముక్కలు, దుంపల రొట్టె ఉన్నాయి. మూలన నాలుగు కాళ్ళ ముక్కలు, ఊరికే ఉప్పేసి ఉడికించినవి. వెనిగర్ లేదు, ఉల్లిపాయ లేదు. ఈ ముక్కలు తీసేయనా అని అడిగాను. ఉంచు, అలాగే తీసుకెళ్ళు అంది.

పెద్దమ్మ గుమ్మంలోనే పళ్ళెం మీది గుడ్డ తీసి చూసింది. మాంసం వైపు చూడలేదు. ఉత్త ఉప్పు కాళ్ళ ముక్క ఒకటి నోట్లో వేసుకుని, నమిలి, ఎముక తీసి చేతిలో పట్టుకుని కూచుంది.

"ఎల్సిరా పంపిందా? ఇలాగే?"

"ఇలాగే పంపమంది."

"సరే," అంది. నేను వస్తుంటే వెనక నుంచి ముక్కు చీదుకోవడం వినిపించింది.

మరో వారం గడిచింది. ఉల్లిపాయలన్నీ జడలల్లి దూలానికి కట్టాం, క్యాబేజీని ఉప్పులో ఊరేశాం, పొగగూట్లో మాంసం నల్లబడింది. ఈగలు బేసిన్ చుట్టూ ముసిరాయి. ప్లాంటులో ఒక్క ఈగ కనిపిస్తే పరుగులు పెట్టేవాళ్ళం, ఇక్కడ రండి రండి అని పిలుచుకున్నట్టుంది. బుధవారం పొద్దున ముక్కుకి ఘాటు తగిలింది. వంగి చూస్తే పైన పొర. పాలు చల్లారినప్పుడు కట్టే మీగడంత పల్చగా, ఒక పక్క నుంచి మొదలై సగం దాకా వచ్చింది. అత్తగారు నా భుజం మీద నుంచి చూసి, ఇంకో రెండు వారాలు దీన్ని కదపకూడదు, కదిలితే మునిగిపోతుంది, మళ్ళీ మొదటికొస్తాం అంది.

ఆ సాయంత్రమే గుట్ట మీద ఫోన్ మోగింది. రోడ్లు తెరిచారు. శుక్రవారం లాంచీ వస్తుందని బౌదిలియో చెప్పాడు. ప్లాంటు నుంచి మెసేజి కూడా వచ్చింది. సోమవారం నుంచి డ్యూటీ, రానివాళ్ళ పేరు జాబితాలోంచి తీసేస్తారు. గుట్ట దిగుతూ పాట పాడుకున్నాను.

శుక్రవారం పొద్దున సంచి సర్దుకుని గది బయటికి వచ్చేసరికి వంటింట్లో అత్తగారు కోటు వేసుకుని నిలబడి ఉంది. నా పెళ్ళికి వేసుకొచ్చిన నీలం కోటు. చేతిలో తోలు పెట్టె. నన్ను రేవు దాకా సాగనంపడానికి ఇంత ముస్తాబా అనుకున్నాను. రేవులో క్లోదోమిరా పెద్దమ్మ అప్పటికే ఉంది, బుట్ట మీద కూచుని. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"వచ్చావా వదినా," అంది అత్తగారు.

"నువ్వు రమ్మంటే రానా," అంది పెద్దమ్మ.

లాంచీ వచ్చి తాడు విసిరింది. అత్తగారు పెట్టె అందించి, నా వైపు తిరిగింది.

"పదిహేను రోజులు. ఆదివారం ఒక చెంచాడు పొయ్యి, చెంబుడు కాదు. అంచు నుంచి. తలుపులు దబాలున వెయ్యకు."

లాంచీ ఎక్కేది ఆవిడ, ఉండాల్సింది నేను. "నాకు సోమవారం డ్యూటీ ఉంది అత్తయ్యా," అన్నాను.

"తెలుసు."

"మరి?"

"నేనీ లాంచీ ఆఖరిసారి ఎక్కింది నీ పెళ్ళికి. ఆ రోజు నా మనవళ్ళూ మనవరాళ్ళూ పుట్టాక ఎత్తుకుంటానని మీ అమ్మతో అన్నాను. పుట్టారు. ఇద్దర్నీ నువ్వు ఇక్కడికి తెస్తేనే చూశాను. ఇన్నాళ్ళూ అది ఉంది, పోలేకపోయాను. ఇప్పుడు పోయింది."

"నాకు ఒక్క ముక్క ఎందుకివ్వలేదు?" అని అడిగాను. పద్నాలుగేళ్ళ మాట, అప్పుడు ఆ రేవులో వచ్చింది.

ఆవిడ నా స్వెట్టరు కాలరు సర్దింది. "నాకిచ్చిన మూడో రోజు నుంచి నా కాళ్ళకి తాడు పడింది. నువ్వు పొద్దున బస్సెక్కుతావు, సాయంత్రం దిగుతావు. నీ కాళ్ళకి ఆ తాడు కట్టబుద్ధి కాలేదు. ఇప్పుడున్నది నేనిచ్చింది కాదు. నువ్వు తెచ్చుకున్నది. ఉంచుకుంటావో, పారబోసి ఇదే లాంచీ ఎక్కుతావో నీ ఇష్టం."

లాంచీవాడు తొందరపెట్టాడు. సంచి నా భుజానే ఉంది, చెక్కమెట్టు నా కాలి ముందే ఉంది. నన్నెవరూ పట్టుకోలేదు. ఇరవై రోజులు దేనికోసం గుట్ట ఎక్కి చూశానో అది ఎదురుగా నిలబడి పొగ వదులుతోంది. ఇద్దరు ముసలివాళ్ళు ఎక్కి, ఒకే బల్ల మీద, ఒకే దుప్పటి మోకాళ్ళ మీద వేసుకుని కూచున్నారు. నేను అడుగు వెయ్యలేదు. తాడు విప్పేశారు.

పదిహేను రోజులని వెళ్ళిన మనిషి నలభై ఒక్క రోజులకి వచ్చింది, జుట్టు కత్తిరించుకుని. ప్లాంటులో నా పేరు కొట్టేశారు, మళ్ళీ రాయించుకోవడానికి ఆగస్టు దాకా పట్టింది. అవన్నీ తర్వాతి సంగతులు.

ఆ రోజు మాత్రం లాంచీ కనుమరుగయ్యేదాకా రేవులో నిలబడి ఎల్సిరా అత్తయ్యని, బౌదిలియోని, క్లోరిన్ కనిపెట్టినవాడిని నోరారా తిట్టుకున్నాను. తిట్టుకుంటూనే ఇంటికి నడిచాను. వంటింట్లో పొయ్యి మండుతోంది, ఈగలు తిరుగుతున్నాయి. పొర అటు అంచు దాకా వచ్చేసింది, ఇంకో రెండు వేళ్ళ వెడల్పు మిగిలింది. సంచి నేల మీద పెట్టి, బేసిన్ కదలకుండా తలుపు మెల్లగా వేశాను.